ఆ 172 గుండెదా, కాళ్లదా?

"తీరిగ్గా పరిగెడుతున్నాను, ఆయాసం లేదు, మాట్లాడగలుగుతున్నాను. వాచీ మాత్రం 172 చూపిస్తోంది. గుండెకేమైనా అయిందా?" మణికట్టుకు హార్ట్ రేట్ వాచీ కట్టుకుని పరిగెత్తేవాళ్లు తరచూ అడిగే ప్రశ్న ఇది. అంత హాయిగా మాట్లాడగలిగితే చాలాసార్లు ఆ 172 కాళ్లదే, అంటే నిమిషానికి పడే అడుగుల లెక్క. ఈ తికమక ఎక్కణ్నుంచి వస్తుందో తెలిస్తే ఏ మానిటర్ కొనుక్కోవాలో సగం తేలిపోయినట్టే.

వాచీ అడుగున మిణుకుమనే పచ్చ దీపం ఉంటుంది. రక్తంలోని హీమోగ్లోబిన్ పచ్చ కాంతిని బాగా పీల్చుకుంటుంది. గుండె కొట్టుకున్నప్పుడల్లా చర్మం కింది సన్నని నాళాల్లోకి కాస్త ఎక్కువ రక్తం చేరుతుంది, సెన్సర్‌కు తిరిగొచ్చే వెలుతురు కాస్త తగ్గుతుంది. ఆ తేడా చాలాసార్లు మొత్తం వెలుతురులో ఒకటి రెండు శాతమే. వాచీ లెక్కపెట్టేది ఈ చిన్న అలనే.

నిండుకుండ తొణకదంటారు. ఈ నాళాలు మాత్రం సాగే గోడలున్న వెలితికుండల్లాంటివి, చేయి ఊగితే చాలు లోపల రక్తం తొణుకుతుంది. నెత్తిన వెలితికుండ పెట్టుకుని ఒక మనిషి నడుస్తున్నాడు, నీళ్ల మీద చినుకులు పడుతున్నాయి, ఆ చినుకులు రేపే వలయాలను మనం లెక్కపెట్టాలి అనుకోండి. చినుకు గుండెది, తొణుకు అడుగుది. మనిషి నిలబడ్డంతసేపూ లెక్క సులువు, అందుకే విశ్రాంతిలో వాచీ చక్కగా పనిచేస్తుంది. నడక మొదలైతే తొణుకు వలయాలను మింగేస్తుంది. వాచీలో కదలికను పసిగట్టే యాక్సెలరోమీటర్ కుండ ఊపును విడిగా కొలిచి, ఆ లయను లెక్కలోంచి తీసేయాలని చూస్తుంది. చినుకులు 130, అడుగులు 172 అయితే రెంటినీ విడదీయొచ్చు. గుండె వేగం కూడా 170 దగ్గరికి వచ్చిందా, రెండు లయలూ ఒకదాని మీదొకటి పడతాయి. తొణుకును తీసేస్తే చినుకూ పోతుంది, ఉంచేస్తే ఏది ఏదో తెలీదు. చలికి నాళాలు ముడుచుకున్నప్పుడు చినుకే మరీ చిన్నదైపోతుంది. డంబెల్‌నో సైకిల్ హ్యాండిల్‌నో గట్టిగా పట్టుకున్నప్పుడు ముంజేతి కండరాలు బిగిసి కుండ ఆకారమే మారిపోతుంది. ముదురు రంగు పచ్చబొట్టు నీళ్ల మీద మూత పెట్టినట్టే.

అంకె ఎవరిదో తేల్చడానికి ఠక్కున ఆగండి. 172 కొన్ని సెకన్లలోనే 130కి పడిపోతే అది అడుగుల లెక్క, ఎందుకంటే గుండె అంత త్వరగా దిగదు, నిమిషం గడిచేసరికి ఇరవై ముప్పై తగ్గితే బాగా తగ్గినట్టు. ఆగిన వెంటనే చూపుడువేలు, మధ్యవేలితో 15 సెకన్లు నాడి చూసి నాలుగుతో హెచ్చవేయండి. బొటనవేలు వాడకండి, దానికీ సొంత నాడి ఉంటుంది.

గుండె ఎడమవైపుంది కాబట్టి ఎడమ చేతికే కట్టాలనే నమ్మకం ఒకటుంది. సెన్సర్‌కు ఏ చేయైనా ఒకటే, తక్కువ కదిలే చేయి ఎంచుకోండి. మణికట్టు ఎముకకు రెండు వేళ్ల పైన, జారకుండా, అచ్చు పడనంత బిగువుగా కట్టండి. ఇదే పచ్చ దీపాన్ని మోచేతికి పైన కట్టుకునే పట్టీలూ ఉన్నాయి, అక్కడ కండ ఎక్కువ, ఊపు తక్కువ, కాబట్టి లెక్క మెరుగు.

ఛాతీ పట్టీ దారే వేరు. అది చినుకు కుండలో పడేదాకా ఆగదు, మేఘం దగ్గరే పట్టుకుంటుంది. గుండె కండరం ముడుచుకునే ముందు పుట్టే విద్యుత్తు చర్మం మీద మిల్లీవోల్టు స్థాయిలో తెలుస్తుంది. ఈసీజీకి ఆధారం ఇదే, డచ్ శాస్త్రవేత్త ఐన్‌తోవెన్‌కు 1924లో నోబెల్ వచ్చింది దీనికే. ప్రతి కొట్టుకూ ఈ విద్యుత్తు ఒక శిఖరంలా ఎగుస్తుంది, పట్టీ రెండు శిఖరాల మధ్య కాలాన్ని కొలుస్తుంది. 400 మిల్లీసెకన్లయితే 60,000ను 400తో భాగించండి, 150. అరనిమిషం వేగంగా, అరనిమిషం మెల్లగా చేసే ఇంటర్వెల్స్‌కు, బరువులెత్తడానికి పట్టీయే కొనండి. వాచీ కొన్ని సెకన్ల సగటు తీస్తుంది కాబట్టి దాని అంకె పైకి ఎక్కేలోపు మీ అరనిమిషం అయిపోతుంది. నడకకు, ఒకే వేగంతో సాగే కసరత్తుకు వాచీ చాలు. ఈతకైతే బ్లూటూత్ నీళ్లలో పోదని గుర్తుంచుకోండి, కొలతలను తనలోనే దాచుకునే పట్టీ చూసుకోవాలి.

220 లోంచి వయసు తీసేసి గుండె గరిష్ఠ వేగం లెక్కకట్టే సూత్రం మనిషికి మనిషికి పది పన్నెండు అటూఇటూ అవుతుంది. గుండె వేగాన్ని తగ్గించే బీటా బ్లాకర్ మందులు వాడేవాళ్లకు అసలు పనికిరాదు, వాళ్లు డాక్టరునే అడగాలి.

పట్టీ మొదటి ఐదు నిమిషాలు పిచ్చి అంకెలు చూపిస్తే తప్పు ఎక్కువసార్లు పొడి చర్మానిది. పట్టీలో చర్మానికి తగిలే ఎలక్ట్రోడ్లను నీళ్లతో తడిపి, రొమ్ము కండరాల కిందుగా పక్కటెముకల మీద కట్టండి. పొడి గాలిలో వదులు సింథటిక్ చొక్కా రాపిడికి పుట్టే స్థిర విద్యుత్తు కూడా 200 దాటిన అంకెలు చూపిస్తుంది, చొక్కా తడిపితే సర్దుకుంటుంది. కసరత్తు అయ్యాక సెన్సర్ డబ్బీని పట్టీ నుంచి ఊడదీయండి. తడి పట్టీకి తగిలించి ఉంచితే అది ఇంకా ఛాతీ మీదే ఉన్నాననుకుని బటన్ సెల్‌ను ఖర్చుపెడుతూనే ఉంటుంది. పట్టీని మంచినీళ్లతో కడిగి నీడన ఆరేయండి. చెమట ఉప్పు పేరుకుంటే కొన్నాళ్లకు ఎలక్ట్రోడ్లు పాడవుతాయి.