కొండల్లో కూలిన చిన్న విమానం గురించి

పిల్లలూ,

మొన్న మీరు అడిగారు కదా, ఇంట్లో కట్టుకున్న విమానం కొండల్లో పడిపోయిందంటే ఎక్కడో బోల్టు సరిగ్గా బిగించలేదనేనా అని, నేనేదో ఊ కొట్టేసి ఊరుకున్నా గానీ తర్వాత మనసొప్పలేదు, అందుకే రాస్తున్నా.

బోల్టు వల్ల కూడా పడతాయి, కాదనను. అమెరికాలో సగానికి పైగా పని సొంతంగా చేస్తేనే దాన్ని హోమ్‌బిల్ట్ అంటారు, మామూలుగా మొదటి 25 నుంచి 40 గంటలు ప్యాసింజర్‌ని ఎక్కించుకోకుండా ఎగిరి టెస్ట్ చేసుకోవాలి. కానీ కొండల్లో ఇంజన్ చక్కగా తిరుగుతుండగానే పడిపోయేవి ఉంటాయర్రా.

స్టీవ్ ఫాసెట్ అని, బెలూన్‌లో ఒంటరిగా భూమి చుట్టొచ్చిన మొదటి మనిషి, 2007 సెప్టెంబర్ 3న చిన్న విమానంలో బయల్దేరి మళ్ళీ రాలేదు. ఏడాది దాటాక అమెరికాలోని సియెర్రా నెవాడా కొండల్లో ఒక హైకర్‌కి ఆయన ఐడీ కార్డులు దొరికాయి, ఆ వెంటనే శకలాలూ కనిపించాయి. అది ఫ్యాక్టరీలో చేసిన విమానమే! కిందకి దిగే గాలి విమానం ఎక్కే శక్తిని మించిపోయిందని దర్యాప్తులో తేల్చారు.

వాగులో బండరాయి మీదకెక్కిన నీళ్ళు అవతల దబ్బున దిగి సుడి తిరుగుతాయి చూడండి, కొండ దాటిన గాలీ అంతే. నిమిషానికి 300 అడుగులు ఎక్కే విమానాన్ని గాలి 500 అడుగులు కిందకి లాగితే, ముక్కు పైకే ఉన్నా మనం దిగిపోతున్నట్టే. పైగా ఎత్తులో గాలి పల్చన, టర్బో (గాలిని ఒత్తి లోపలికి పంపేది) లేని ఇంజన్‌కి ప్రతి 1000 అడుగులకీ దాదాపు 3 శాతం పవర్ తగ్గుతుంది. వెనక్కి తిప్పుదామంటే, మీటర్‌లో స్పీడ్ అదే చూపిస్తున్నా పల్చటి గాలిలో నిజం స్పీడ్ ఎక్కువ, అంతే వంచి తిప్పినా స్పీడ్ రెట్టింపైతే మలుపు వెడల్పు నాలుగింతలు కావాలి, కొండల మధ్య లోయేమో ముందుకెళ్ళేకొద్దీ ఇరుకైపోతుంటుంది, గాభరాగా మరీ వంచి తిప్పితే రెక్కలకి గాలి మీద పట్టు పోయి విమానం కిందకి జారిపోతుంది, దాన్నే స్టాల్ అంటారు.

అందుకే తెలిసినవాళ్ళు శిఖరానికి ఎదురుగా పోరు, 45 డిగ్రీల ఏటవాలుగా వెళ్తారు, కుదరకపోతే కొంచెం తిప్పితే చాలు బయటపడొచ్చని. ఇంకో చిన్న కిటుకు కూడా ఉంది, నాకు భలే ఇష్టం అది. కాక్‌పిట్ వీడియో చూసేప్పుడు శిఖరం అంచునే చూడండి, దాని వెనకాల నేల కొంచెం కొంచెంగా ఎక్కువ కనబడుతుంటే దాటేస్తారు, ఆ నేల శిఖరం అంచు వెనక్కి దాక్కుంటుంటే మాత్రం అప్పుడే తిప్పేయాలి.

మీ తాతయ్య