యాక్సెస్ పాయింట్ కంట్రోలర్‌లో చేరకపోవడం వెనక ఉన్న కథ

యాక్సెస్ పాయింట్‌కు (వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెకు) కేబుల్ పెట్టగానే లైట్లు వెలుగుతాయి, పవర్ అందుతుంది, ఐపీ అడ్రస్ కూడా వస్తుంది. ఇలాంటి పెట్టెలన్నిటినీ ఒకే చోట నుంచి నడిపే కంట్రోలర్ జాబితాలో మాత్రం దాని పేరు కనబడదు. నెట్‌వర్క్ చూసుకునేవాళ్లకు ఈ టెన్షన్ బాగా తెలుసు. పరికరం పాడైందని చాలామంది తిప్పి పంపేస్తారు కూడా. నిజానికి ఈ ఇబ్బందుల్లో ఎక్కువ భాగం 2000ల మొదట్లో తీసుకున్న నిర్ణయాల నుంచి వచ్చినవే.

1997లో వైఫైకి మూలమైన ఐఈఈఈ 802.11 ప్రమాణం వచ్చింది. 1999లో 802.11బి వచ్చి సెకనుకు 11 మెగాబిట్ల వేగం ఇవ్వడంతో ఆఫీసులు, కాలేజీలు వైఫై పెట్టుకోవడం మొదలుపెట్టాయి. అప్పట్లో ప్రతి యాక్సెస్ పాయింటూ దేనికదే స్వతంత్రం. ఛానల్, సిగ్నల్ బలం, రహస్య కీ అన్నీ ఆ పెట్టెలోనే ఉండేవి. రెండు మూడు ఉంటే ఫర్వాలేదు. వందలుంటే, చిన్న మార్పుకైనా ఒక్కొక్కదాంట్లోకి లాగిన్ అవ్వాల్సిందే. 2001లో ఫ్లూరర్, మాంటిన్, షమీర్ అనే పరిశోధకులు అప్పటి వైఫై రక్షణ పద్ధతి అయిన వెప్ ఎన్‌క్రిప్షన్ బలహీనతను బయటపెట్టాక భద్రతా సెట్టింగులు మార్చడం తప్పనిసరైంది. దాంతో ఈ పద్ధతి ఎంత కష్టమో తెలిసొచ్చింది. గోడకున్న పెట్టెను ఎవరైనా ఊడబీక్కుపోతే అందులోని కీలు కూడా పోయేవి.

అందుకే నిర్ణయాలను పెట్టెలోంచి తీసి ఒకే చోట పెట్టాలన్న ఆలోచన బలపడింది. 2001లో మొదలైన ఎయిర్‌స్పేస్, 2002లో మొదలైన అరూబా కంపెనీలు ఈ దారి పట్టాయి. క్షణాల్లో జరగాల్సిన రేడియో పనులు యాక్సెస్ పాయింట్‌కు వదిలి, ఎవరిని లోపలికి రానివ్వాలన్నది కంట్రోలర్‌కు అప్పగించారు. అయితే ఈ రెండింటి మధ్య సంభాషణకు ఒక్కో కంపెనీ ఒక్కో పద్ధతి పెట్టుకుంది. ఎయిర్‌స్పేస్ వాడిన ఎల్‌డబ్ల్యూఏపీపీ అలాంటిదే. 2005లో ఆ కంపెనీని సిస్కో కొనేసింది. ఇంటర్నెట్ ప్రమాణాలు చూసే ఐఈటీఎఫ్ అందరికీ ఉమ్మడి పద్ధతి తేవాలని పూనుకుంది. ఎల్‌డబ్ల్యూఏపీపీని ఆధారం చేసుకుని 2009 మార్చిలో ఆర్‌ఎఫ్‌సీ 5415 అనే ప్రమాణ పత్రంగా క్యాప్‌వాప్ అనే ఆ ఉమ్మడి పద్ధతిని ప్రచురించింది.

యాక్సెస్ పాయింట్ కంట్రోలర్‌లో చేరడంలోని ప్రతి మెట్టూ అప్పటి భయాలకు జవాబే. పెట్టెలో సెట్టింగులేవీ దాచకూడదనుకున్నారు కాబట్టి, కొత్త యాక్సెస్ పాయింట్‌కు కంట్రోలర్ ఎక్కడుందో కూడా తెలియదు. ఒకే సబ్‌నెట్‌లో (నెట్‌వర్క్‌లోని ఒకే భాగంలో) ఉంటే బ్రాడ్‌కాస్ట్‌తో, అంటే అందరికీ కేకేసినట్టు అడిగి, కనుక్కుంటుంది. వేరే చోట ఉంటే ఐపీ అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీలో కంట్రోలర్ అడ్రస్ చెప్పే ఆప్షన్ 138 (కొన్ని కంపెనీలకు 43), లేదా పేర్లను అడ్రస్‌లుగా మార్చే డీఎన్‌ఎస్‌లో పేరు, లేదా చేత్తో ఇచ్చిన అడ్రస్ కావాలి. దొంగ పరికరాలు చొరబడకూడదని డీటీఎల్‌ఎస్ అనే రక్షణ పద్ధతి పెట్టారు. మామూలుగా రెండు వైపులా సర్టిఫికెట్లు (డిజిటల్ గుర్తింపు పత్రాలు) చూపించుకుంటాయి. ఇక్కడే చిక్కు. కంట్రోలర్ గడియారం తప్పుగా ఉంటే సరైన సర్టిఫికెట్ కూడా చెల్లదు. సిస్కో పాత పరికరాల్లో ఫ్యాక్టరీలో పెట్టిన సర్టిఫికెట్లు చాలావాటికి గడువు పదేళ్లే. ఆ గడువు దాటాక, బాగా పనిచేస్తున్న యాక్సెస్ పాయింట్లు కూడా రీస్టార్ట్ అయ్యాక మళ్లీ చేరలేకపోయాయి. రేడియో బాగున్న పరికరం ఒక తేదీ వల్ల మూలనపడటం నాకు అన్యాయంగానే అనిపిస్తుంది.

తర్వాత సాఫ్ట్‌వేర్ వెర్షన్. తేడా ఉంటే యాక్సెస్ పాయింట్ దాన్ని కంట్రోలర్ నుంచి దించుకుని రీబూట్ అవుతుంది. కొత్త వెర్షన్ పాత మోడల్‌ను వదిలేసి ఉంటే అంతే సంగతులు. అనుమతి లేని రాకపోకలను ఆపే ఫైర్‌వాల్ సంగతీ ఉంది. క్యాప్‌వాప్‌కు యూడీపీ అనే రవాణా పద్ధతిలో 5246 కంట్రోల్ పోర్టు (దారి సంఖ్య), 5247 డేటా పోర్టు. మొదటిది తెరిచి రెండోది మరిచిపోతే చేరినట్టే చేరి విడిపోతుంది.

ఉమ్మడి ప్రమాణం వచ్చినా, ఒక కంపెనీ యాక్సెస్ పాయింట్ మరో కంపెనీ కంట్రోలర్‌లో చేరడం ఇప్పటికీ అరుదే. ఎవరి సందేశాలు వారు అదనంగా చేర్చుకోవడానికి క్యాప్‌వాప్ వీలిచ్చింది, కంపెనీలు దాన్ని ధారాళంగా వాడుకున్నాయి. ఈ చరిత్రలో అసలైన వైఫల్యం ఇదే. దాని ఖర్చు మోస్తున్నది కొనేవాళ్లు.

వేగాలు పెరిగాక డేటా అంతా కంట్రోలర్ గుండా పోవడం భారమైంది. దాంతో డేటాను అక్కడికక్కడే కేబుళ్లు కలిసే స్విచ్‌కు వదిలేసే పద్ధతులు వచ్చాయి. 2006లో పుట్టిన మెరాకీ లాంటి కంపెనీలు కంట్రోలర్‌ను క్లౌడ్‌కు చేర్చాయి. అక్కడ వెతుకులాట తగ్గింది, ఎటు వెళ్లాలో ఫ్యాక్టరీ నుంచే తెలుసు. అయినా డీఎన్‌ఎస్, గడియారం, ఫైర్‌వాల్ అక్కడా అడ్డుపడుతూనే ఉన్నాయి. పరికరాన్ని తిప్పి పంపే ముందు ఆ మూడింటినీ, సర్టిఫికెట్ తేదీనీ ఒకసారి చూడండి.