కొవ్వు లేనివారికి మధుమేహమా?

ప్రియమైన పిల్లలకు,

మధుమేహం లావుగా ఉన్నవాళ్లకే వస్తుందని మీలో చాలామంది నమ్మకం. ఒంట్లో కొవ్వు దాదాపు లేకుండానే పుట్టే పిల్లలకూ అది వస్తుంది. వాళ్ల జబ్బు పేరు లిపోడిస్ట్రఫీ. చాలా అరుదైనది. కొందరికి పుట్టుకతోనే ఉంటుంది, మరికొందరికి ఉన్న కొవ్వు తర్వాత కరిగిపోతుంది. బుగ్గలు లోపలికి పోయి, చేతుల మీద కండలు, నరాలు తేలి కనిపిస్తాయి. చూసినవాళ్లు వ్యాయామం చేసిన ఒళ్లనుకుంటారు.

చర్మం కింది కొవ్వు శరీరానికి గోదాము. ఆ గోదామే లేకపోతే సరుకు ఎక్కడికి పోతుంది? కాలేయంలోకి, కండరాల్లోకి చేరుతుంది. అక్కడ కొవ్వు పేరుకుంటే, చక్కెరను అదుపులో ఉంచే ఇన్సులిన్ మాట చెల్లదు. ఎంత మోతాదు ఎక్కించినా రక్తంలో చక్కెర దిగిరాదు. రక్తంలో ట్రైగ్లిజరైడ్లు అనే ఒక రకం కొవ్వు విపరీతంగా పెరిగి, క్లోమం (పాంక్రియాస్) వాచే ప్రమాదమూ ఉంది.

అంతటితో అయిపోలేదు. కొవ్వు ఊరికే పడి ఉండే పదార్థం కాదు, లెప్టిన్ అనే హార్మోనును తయారుచేస్తుంది. దాన్ని 1994లో అమెరికాలోని రాక్‌ఫెల్లర్ విశ్వవిద్యాలయంలో జెఫ్రీ ఫ్రీడ్‌మన్ బృందం కనుగొంది. ‘నిల్వలు చాలినన్ని ఉన్నాయి’ అని మెదడుకు కబురు చెప్పేది అదే. కొవ్వు లేనివాళ్లలో ఆ కబురు అందదు. దాంతో మెదడు కరువొచ్చిందనుకుంటుంది. పాపం, ఆ పిల్లలకు ఎంత తిన్నా ఆకలి తీరదు. దాన్ని తిండిపోతుతనం అనడం అన్యాయం.

లోపించినదాన్ని బయటినుంచి ఇస్తే? 2002లో ప్రచురితమైన ఒక పరిశోధనలో ఈ జబ్బున్న తొమ్మిది మందికి నాలుగు నెలలు లెప్టిన్ ఇచ్చి చూశారు. చక్కెర బాగా తగ్గింది, ట్రైగ్లిజరైడ్లు సగటున 60 శాతం పడిపోయాయి. మధుమేహం మందులు తగ్గించుకున్నవాళ్లు, మానేసినవాళ్లూ ఉన్నారు. తిండి తగ్గడం ఒక్కటే కారణం కాదు, లెప్టిన్ ప్రభావం కాలేయం మీద కూడా ఉంటుంది. మెట్రెలెప్టిన్ పేరుతో ఆ మందుకు 2014లో అమెరికాలో అనుమతి వచ్చింది. రోజూ చర్మం కింద ఇంజెక్షన్‌గా తీసుకోవాలి.

అయితే సన్నబడాలనుకునేవాళ్లు దీనికోసం ఆశపడనక్కర్లేదు. లావుగా ఉన్న చాలామందిలో లెప్టిన్ ఇప్పటికే ఎక్కువ, మెదడే దాన్ని లెక్కచేయదు. ఇక అసలు రోగులకైనా ఈ మందు పోయిన కొవ్వును తిరిగి తేలేదు. కొందరి శరీరం దానికి ఎదురుతిరిగి, పని చేయనివ్వని ప్రతిదేహాలను (యాంటీబాడీలను) తయారుచేస్తుంది. అందుకే దీన్ని నిపుణుల పర్యవేక్షణలోనే ఇస్తారు. ఉన్నట్టుండి ఆపకూడదు కూడా, ఆపితే ట్రైగ్లిజరైడ్లు ఒక్కసారిగా పెరిగి క్లోమం వాచిపోవచ్చు.

ఆశీస్సులతో,
మీ తాతయ్య