నెలవంక ఎవరు చూడాలి? పండుగ తేదీ వెనక 1400 ఏళ్ల వాదన

ప్రతి ఏటా రంజాన్‌కు ముందు వచ్చే షాబాన్ నెల 29వ తేదీన, పొద్దు గుంకాక చేసే మగ్రిబ్ నమాజ్ కాగానే ముస్లిం ఇళ్లలో ఫోన్లు మోగడం మొదలవుతుంది. కోళికోడ్ దగ్గర కాప్పాడ్ తీరంలో నెలవంక కనిపించిందని ఒకరంటారు. హైదరాబాద్‌లో మబ్బు పట్టిందని ఇంకొకరంటారు. రాత్రి పొద్దుపోయాక తేలేదేమిటంటే, కేరళలో రేపటి నుంచే రోజా, అంటే ఉపవాసం, మనకు ఎల్లుండి నుంచి. నెల తిరిగి రంజాన్ పండుగ దగ్గరపడేసరికి మళ్లీ అదే టెన్షన్. దర్జీకి ఎప్పటిలోగా బట్టలు ఇవ్వాలో తెలియదు. సెలవు ఏ రోజో ఆఫీసులో చెప్పలేరు. ప్రభుత్వ సెలవుల జాబితాలో కూడా 'నెలవంకను బట్టి మారవచ్చు' అన్న మాట ఉండనే ఉంటుంది.

చంద్రుడి మీదికి నౌకలు పంపుతున్న కాలంలో నెలవంక ఎప్పుడొస్తుందో ముందే చెప్పలేరా అని చాలామంది అడుగుతారు. చెప్పగలరు, నిమిషాలతో సహా. ఆ సంగతి కమిటీల్లో కూర్చునే మౌలానాలకు కూడా బాగా తెలుసు. గొడవల్లా ధర్మశాస్త్రం కోరేది చంద్రుడు ఆకాశంలో ఉండటమా, మనిషి కంటికి కనబడటమా అన్నది. కనబడిందని తేల్చి చెప్పే అధికారం ఎవరిదన్నది రెండోది. ఈ రెండు ప్రశ్నలూ ఇస్లాం అంత పాతవి.

ఒక్క రోజు తేడాకు ఇంత పట్టింపు ఎందుకో ముందు చెప్పుకోవాలి. రంజాన్ నెలలో ఆరోగ్యంగా ఉన్న ప్రతి పెద్దవారికీ రోజా ఫర్జ్, అంటే తప్పనిసరి. షవ్వాల్ నెల ఒకటో తేదీ, అంటే ఈద్ నాడు, ఉపవాసం ఉండటం హరామ్. అదే రోజు ఒక లెక్కలో 30వ రోజా, ఇంకో లెక్కలో పండుగ. మధ్యేమార్గం లేదు. ఎందుకైనా మంచిదని ఒక రోజా ఎక్కువ ఉందామంటే కుదరదు.

ఇస్లాంలోని ఐదు మూల విధుల్లో సగానికి పైగా చంద్రుడి చేతిలోనే ఉన్నాయి. 'అల్లాహ్ తప్ప వేరే దైవం లేడు, ముహమ్మద్ ఆయన ప్రవక్త' అని సాక్ష్యమిచ్చే కలిమాకు కాలంతో పనిలేదు. ఐదు పూటల నమాజ్ సూర్యుడిని బట్టి నడుస్తుంది. రోజా, జకాత్, హజ్ మాత్రం చంద్రుడివి. జకాత్‌నే చూడండి. నిర్ణీత మొత్తానికి మించిన సంపద చేతిలో ఏడాది నిలిస్తే అందులో రెండున్నర శాతం పేదలకు ఇవ్వాలి. ఆ ఏడాది 354 రోజుల చాంద్రమాన సంవత్సరం. అందుకే ఇంగ్లీషు క్యాలెండర్ ప్రకారం లెక్కలు మూసే ఇస్లామిక్ ఆర్థిక సంస్థలు, పదకొండు రోజుల తేడా పూడ్చడానికి 2.5కు బదులు దాదాపు 2.58 శాతం కడతాయి.

ఆ పదకొండు రోజుల్లోనే ఈ చరిత్ర మొదలవుతుంది. మన పంచాంగం కూడా చాంద్రమానమే. కానీ రెండున్నర, మూడేళ్లకోసారి అధికమాసం కలుపుకుంటాం గనక దసరా ఎప్పుడూ వర్షాకాలం వెళ్లే రోజుల్లోనే వస్తుంది. ఇస్లాంకు ముందు అరబ్బులకు కూడా ఇలాంటిదే ఒక పద్ధతి ఉండేది, దాని పేరు నసీ. అది నెల కలపడమా, లేక యుద్ధం నిషిద్ధమైన నెలలను తమకు వీలైనట్టు వెనక్కి జరుపుకోవడమా అన్న దాని మీద పండితుల్లో రెండు మాటలున్నాయి. ఏదైనా సరే, ఆ మార్పు ప్రకటించే హక్కు కొద్దిమంది చేతిలో ఉండేది. ఖురాన్ తొమ్మిదో అధ్యాయం దాన్ని గట్టిగా ఖండించింది. దేవుడి దగ్గర నెలలు పన్నెండే, అందులో నాలుగు పవిత్రమైనవి, వాటితో ఆటలొద్దని చెప్పింది. 632లో చేసిన చివరి హజ్ ప్రసంగంలో ముహమ్మద్ ప్రవక్త కూడా ఇదే మాట చెప్పారు.

అప్పటి నుంచి ముస్లిం నెలలకు రుతువులతో సంబంధం తెగిపోయింది. రంజాన్ దాదాపు 33 ఏళ్లలో అన్ని కాలాలూ చుట్టి వస్తుంది. 2016లో మన దగ్గర జూన్ మొదటి వారంలో మొదలైంది. 2026కి ఫిబ్రవరిలోకి వచ్చేసింది. 2000లో అయితే రంజాన్ పండుగ జనవరిలో ఒకసారి, డిసెంబరులో ఒకసారి వచ్చింది. మన ఊళ్లలో పీర్ల పండుగ ఒకప్పుడు ఎండల్లో, ఇంకొకప్పుడు నాట్ల వేళ రావడానికి కూడా కారణం ఇదే. ఇందులో ఒక న్యాయం కూడా కనిపిస్తుంది నాకు. తేదీ రుతువుకు కట్టుబడి ఉంటే, కొన్ని దేశాల వాళ్లు ఎప్పటికీ మండుటెండల్లోనే పొడవాటి ఉపవాసాలు ఉండాల్సి వచ్చేది.

సంవత్సరాలకు సంఖ్య ఇవ్వడం తర్వాత జరిగింది. బస్రా గవర్నర్ అబూ మూసా అల్ అష్అరీ, 'మీ ఉత్తరాలకు తేదీ ఉండటం లేదు' అని ఖలీఫా ఉమర్‌కు మొరపెట్టుకున్నారంటారు. 638 ప్రాంతంలో ఉమర్ అందరితో సంప్రదించి, ప్రవక్త మక్కా వదిలి మదీనా చేరిన 622ను హిజ్రీ మొదటి ఏడాదిగా నిర్ణయించారు. నిజానికి ఆ ప్రయాణం జరిగింది మూడో నెల రబీఉల్ అవ్వల్‌లో. లెక్క మాత్రం ముహర్రం నుంచే పెట్టారు. పాలనకు వీలు కావాలి కదా.

నెల ఎప్పుడు మొదలవుతుందన్నది ప్రవక్త కాలంలోనే తేలింది. రంజాన్ ఉపవాసాలు విధిగా మారింది హిజ్రీ రెండో ఏట, అంటే 624లో. నియమం చాలా సాదాగా ఉంటుంది: నెలవంక చూసి రోజా మొదలుపెట్టండి, చూసి విరమించండి, మబ్బు పడితే ముప్పై పూర్తిచేయండి. ఇంకో హదీసులో, అంటే ప్రవక్త మాటలూ చేతలూ చెప్పే కథనంలో, ప్రవక్త రెండు చేతుల వేళ్లూ చాచి మూడుసార్లు చూపుతూ, మూడోసారి ఒక బొటనవేలు మడిచారు. అంటే ఇరవై తొమ్మిది. తర్వాత ఏ వేలూ మడవకుండా మూడుసార్లు చూపారు. అది ముప్పై. 'మనం రాతా లెక్కా తెలియని జనం' అన్నది కూడా ఆ సందర్భంలో అన్న మాటే. ఈ ఒక్క వాక్యాన్ని పట్టుకుని తర్వాతి వాళ్లు రెండు దారులయ్యారు. లెక్కలు వద్దని దీని అర్థమని కొందరు, లెక్క తెలియని రోజులకే ఈ వెసులుబాటు అని కొందరు.

సాక్ష్యం సంగతి చెప్పే హదీసు ఇంకొకటి ఉంది. ఒక ఎడారి మనిషి వచ్చి నెలవంక చూశానన్నాడు. ప్రవక్త అతణ్ని అడిగింది చంద్రుడి గురించి కాదు. దేవుడొక్కడేననీ, నేను ఆయన ప్రవక్తననీ సాక్ష్యమిస్తావా అని అడిగారు. ఇస్తానన్నాడు. రేపటి నుంచి ఉపవాసమని చాటించమని అనుచరుడు బిలాల్‌కు చెప్పారు. విశ్వాసానికి ఇచ్చే సాక్ష్యం, కంటితో చూసినదానికి ఇచ్చే సాక్ష్యం ఒకే మనిషి నోట పక్కపక్కన వచ్చాయి. చంద్ర దర్శనాన్ని పంచాంగం పనిలా కాకుండా న్యాయస్థానం పనిలా చూడటం ఇక్కడి నుంచే వచ్చిందనుకోవచ్చు.

ఒకచోట చూస్తే అన్ని చోట్లా చెల్లుతుందా అన్న పేచీ కూడా మొదటి తరంలోనే వచ్చింది. కురైబ్ అనే ఆయన పని మీద సిరియా వెళ్లారు. అక్కడ శుక్రవారం రాత్రి నెలవంక చూశారు, జనమూ చూశారు, పాలకుడు ముఆవియా కూడా రోజా మొదలుపెట్టారు. నెలాఖరుకు కురైబ్ మదీనా తిరిగొస్తే, ప్రవక్త అనుచరుడైన ఇబ్న్ అబ్బాస్ 'మేం చూసింది శనివారం రాత్రి' అన్నారు. ముఆవియా చూసింది మీకు సరిపోదా అని కురైబ్ అడిగారు. సరిపోదు, ముప్పై నిండేదాకానో మళ్లీ నెలవంక కనబడేదాకానో మేం కొనసాగిస్తాం, ప్రవక్త మాకు చెప్పింది ఇదే అన్నారు ఇబ్న్ అబ్బాస్.

సున్నీల్లో షాఫియీ, హనఫీ, మాలికీ లాంటి ధర్మశాస్త్ర సంప్రదాయాలున్నాయి. షాఫియీ పండితులు ఈ ఘటనను ఆధారం చేసుకుని ఏ ప్రాంతం క్షితిజం ఆ ప్రాంతానిదే అన్నారు. హనఫీల మూల గ్రంథాలు మాత్రం ఒకచోట కనిపిస్తే అందరికీ వర్తిస్తుందంటాయి, కాకపోతే కబురు ధర్మశాస్త్రం ఒప్పుకునే సాక్ష్యంగా చేరాలి. కేరళ మాప్పిళ్లలు షాఫియీలు. హైదరాబాద్‌లో బార్కస్ అరబ్ కుటుంబాలను పక్కనపెడితే ఎక్కువమంది హనఫీలు. పుస్తకం ప్రకారం చూస్తే కేరళ నెలవంకను హైదరాబాదే ముందు ఒప్పుకోవాలి! కానీ దూర ప్రాంతాల విషయంలో తర్వాతి హనఫీ పండితులు పట్టు సడలించారు. పైగా సాక్ష్యం షరతు ఉండనే ఉంది. ఆకాశం నిర్మలంగా ఉంటే ఒకరిద్దరు చూశామంటే చాలదు, చాలామంది చూసి ఉండాలి. మబ్బు ఉంటే రంజాన్ మొదలుకు నమ్మకస్తుడు ఒక్కడు చాలు, పండుగకు మాత్రం ఇద్దరు కావాలి.

ఇక లెక్కల సంగతి. ముస్లింలు ఖగోళంలో వెనకబడటం వల్ల కంటిని పట్టుకుని వేలాడారనుకుంటే పొరపాటు. బత్తానీ, బీరూనీ లాంటి పాత ఖగోళవేత్తలు నెలవంక దర్శనం మీద చాలా శ్రమపడ్డారు. ఈజిప్టు, సిరియాలను ఏలిన మామ్లూక్ సుల్తానుల కాలంలో పెద్ద మసీదుల్లో నమాజ్ వేళలు లెక్కకట్టడానికి ముఅఖ్ఖిత్ అనే ఉద్యోగులుండేవారు. డమాస్కస్ ఉమయ్యద్ మసీదులో ఆ పని చేసిన ఇబ్న్ అల్ షాతిర్ 14వ శతాబ్దపు గొప్ప ఖగోళవేత్తల్లో ఒకరు. నేడు మసీదు గోడ మీద వేలాడే నమాజ్ టైమ్‌టేబుల్‌ను ఎవరూ ప్రశ్నించరు. నీడ కొలిచి జొహర్ (మధ్యాహ్న నమాజ్) చేసేవాళ్లు లేరు. మరి నమాజ్‌కు చెల్లిన లెక్క నెలకు ఎందుకు చెల్లదు?

దీనికి 13వ శతాబ్దపు మాలికీ పండితుడు అల్ ఖరాఫీ ఇచ్చిన జవాబు నేటికీ వాదనలో నిలుస్తోంది. నమాజ్‌ను విధి చేసేది సూర్యుడు వాలడమే, అది ఎలా తెలిసినా సరే. రోజాను విధి చేసేది చంద్రుడు ఉండటం కాదు, చూడటం. నూరు శాతం ఒప్పుకోకపోయినా, ఇది మొండివాదం కాదని ఒప్పుకోవాలి. తర్వాతి శతాబ్దంలో తఖీయుద్దీన్ సుబ్కీ ఒక మెట్టు ముందుకు వేశారు. కనిపించడం అసాధ్యమని లెక్క ఖాయంగా చెబుతుంటే, చూశానన్నవాడి మాట కొట్టిపారేయాలన్నారు. 1939లో ఈజిప్టు న్యాయమూర్తి, హదీసు పండితుడు అహ్మద్ షాకిర్ ఏకంగా లెక్కతోనే నెల మొదలుపెట్టాలని రాశారు.

ఎప్పుడో లెక్కకు మారిపోయినవాళ్లు కూడా ఉన్నారు. ఈజిప్టును ఏలిన ఫాతిమీలది షియాల్లో ఒక శాఖ అయిన ఇస్మాయిలీ సంప్రదాయం, అందులో నెలలు ముందే ఖాయం. ముప్పై ఏళ్ల చక్రంలో పదకొండేళ్లకు ఒక్కో రోజు అదనం, రంజాన్‌కు ఎప్పుడూ ముప్పై రోజులే. సికింద్రాబాద్‌లోనూ ఉన్న దావూదీ బోహ్రాలు నేటికీ దాన్నే పాటిస్తారు, అందుకే వాళ్ల పండుగ తరచూ ఒకటి రెండు రోజులు ముందుంటుంది. లెక్క అంటే సున్నీ ఉలమాలకు, అంటే మతపండితులకు, ఏర్పడిన అనుమానంలో ఫాతిమీలతో ఉన్న పాత రాజకీయ వైరం పాలు కూడా కొంత ఉంది.

19వ శతాబ్దంలో తంతి (టెలిగ్రాఫ్) వచ్చాక సమస్య రూపం మారింది. అంతకుముందు పక్క ఊళ్లో ఏ రోజు పండుగ చేశారో తెలిసేసరికి పండుగే అయిపోయేది. ఇప్పుడు అదే రాత్రి తెలుస్తోంది. బరేలీకి చెందిన పండితుడు అహ్మద్ రజా ఖాన్ తంతి కబురు సాక్ష్యం కింద చెల్లదని రాశారు. పంపినవాడెవడో తెలియదు, తీర్పు చెప్పే ఖాజీ ముందు నిలబడి చెప్పడు, ఎలా నమ్మాలి? టెలిఫోన్, రేడియో, ఇప్పుడు వాట్సాప్ వీడియో, ప్రతిదానికీ ఇదే ప్రశ్న కొత్తగా వచ్చింది.

దేశాలు తలో దారి పట్టాయి. 1978లో ఇస్తాంబుల్ సమావేశం, చంద్రుడు సూర్యుడి నుంచి కనీసం 8 డిగ్రీల దూరంలో, క్షితిజం నుంచి 5 డిగ్రీల ఎత్తులో ఉండాలని కొలత పెట్టింది. తుర్కియేలో తేదీలు ముందే అచ్చవుతాయి. సౌదీలో పౌర క్యాలెండర్ లెక్కదే, రంజాన్, ఈద్, హజ్ మాత్రం సాక్షుల మాట విని సుప్రీంకోర్టు ప్రకటిస్తుంది. పాకిస్తాన్‌లో 1974లో కేంద్ర కమిటీ వేసినా, పెషావర్‌లోని ఖాసిం అలీ ఖాన్ మసీదు చాలాసార్లు వేరే రోజు ప్రకటించింది. 2019లో సైన్సు మంత్రి ఫవాద్ చౌధరీ క్యాలెండర్ తయారుచేయించినా ఉలమాలు ఒప్పుకోలేదు. అమెరికాలో 2006లో అక్కడి ధర్మశాస్త్ర మండలి ఫిఖ్ కౌన్సిల్ లెక్కకు మారింది, అక్కడి మసీదులన్నీ మారలేదు.

మన దేశంలో అందరి తరఫునా ప్రకటించే సంస్థే లేదు. ఢిల్లీ, లక్నో, కేరళ ఖాజీలు, హైదరాబాద్‌లో సదర్ మజ్లిస్-ఎ-ఉలమా-ఎ-దక్కన్ కింద రూయతే హిలాల్ (నెలవంక దర్శన) కమిటీ, ఎవరికి వారే. ఒక ఊరి కమిటీ ఇంకో ఊరికి ఫోన్ చేసి అడిగేవి ఇలా ఉంటాయి: ఎంతమంది చూశారు, పొద్దు గుంకిన ఎంతసేపటికి, సూర్యుడు దిగినచోటికి ఏ పక్కన, కొమ్ములు ఎటు తిరిగి ఉన్నాయి. వెలుగు ఎప్పుడూ సూర్యుడి వైపే ఉంటుంది గనక కొమ్ములు అటు వైపు తిరగవు. తిరిగాయని చెప్పినవాడు చూసింది నెలవంక కాదు.

ఈ తేడా నేరుగా తగిలేది గల్ఫ్ నుంచి పండుగకు ఇంటికొచ్చే కరీంనగర్, కడప కుర్రాళ్లకు. మనకన్నా పడమరన ఉన్న సౌదీలో సాయంత్రం రెండున్నర గంటలు ఆలస్యంగా వస్తుంది, చంద్రుడు ఆమేరకు సూర్యుడికి దూరం జరుగుతాడు, అందుకే అక్కడ నెల తరచూ ఒకరోజు ముందు మొదలవుతుంది. అక్కడ మొదలుపెట్టి ఇక్కడికి వచ్చినవాడికి ముప్పై రోజాలు పూర్తయినా ఊళ్లో ఇంకా పండుగ రాదు. 'అందరూ రోజా ఉన్న రోజే రోజా, అందరూ విరమించిన రోజే ఈద్' అన్న హదీసును బట్టి ముఫ్తీలు, అంటే ధర్మసందేహాలు తీర్చే పండితులు, ఇచ్చే సలహా, ఉన్న ఊరితో పాటే ఉండమని. 31వ రోజా కూడా పట్టాలి. కురైబ్ మదీనాలో పడ్డ ఇరకాటం కూడా ఇలాంటిదే. ఇక్కడ మొదలుపెట్టి అక్కడికి వెళ్లినవాడికి 28 దగ్గరే పండుగ వచ్చేస్తే, అందరితో కలిసి పండుగ చేసుకుని, తర్వాత వీలు చూసుకుని తప్పిపోయిన ఒక రోజాను కజాగా, అంటే బదులుగా, తీర్చాలి.