మొటిమలు తగ్గాలంటే రోజూ ఏం చేయాలి: మా పిల్లలకు ఉత్తరం

పిల్లలూ,

ఇంటర్‌లో లేని మొటిమలు ఉద్యోగంలో చేరాక వస్తున్నాయేంటి పెద్దమ్మా అని మీరందరూ వేరువేరుగా అడుగుతున్నారు కాబట్టి, ఒక్కొక్కరికీ ఫోన్లో చెప్పే బదులు ఒకేసారి రాసేస్తున్నా. తీరిగ్గా చదువుకోండి. ఆస్పత్రి మందుల కౌంటర్లో ఇన్నేళ్లు కూర్చుని చర్మం డాక్టర్లు రాసిన చీటీలకు మందులిచ్చినదాన్ని, ఏ ట్యూబు ఎందుకు రాస్తారో నాకు తెలుసు, జనం దాన్ని ఇంటికి తీసుకెళ్లి ఎలా పాడుచేసుకుంటారో కూడా తెలుసు.

పాతికేళ్లు దాటాక మొటిమలు రావడం చాలామందికి ఉన్నదే, ఆడపిల్లల్లో ఇంకాస్త ఎక్కువ. మొహం సరిగ్గా కడుక్కోకపోవడం వల్ల వచ్చినవి కావు కాబట్టి రోజుకి ఆరుసార్లు సబ్బుతో తోముకోకండి. పెళ్లయితే అవే పోతాయి అని మనవాళ్లు అనేమాట అసలు పట్టించుకోకండి. ఆ మాట నమ్మి ఏళ్ల తరబడి ఊరుకుంటే చివరికి మిగిలేవి గుంటలే, అవి క్రీములతో పూడవు.

లోపల జరిగేదేంటో ఒక్కసారి అర్థం చేసుకుంటే మిగతాదంతా తేలిక. ప్రతి వెంట్రుక కుదురు పక్కనా చిన్న నూనె గ్రంథి ఉంటుంది, హార్మోన్ల వల్ల అది ఎక్కువ నూనె వదుల్తుంది, చనిపోయిన చర్మకణాలు ఆ నూనెతో కలిసి రంధ్రం నోరు మూసేస్తాయి, మూసుకున్న చోట క్యూటిబాక్టీరియం అనే బాక్టీరియా పెరుగుతుంది, అప్పుడు ఎర్రగా వాచి మనకి కనిపిస్తుంది. ఈ మూసుకోవడం అనేది మొటిమ పైకి రావడానికి కొన్ని వారాల ముందే మొదలైపోతుంది. అంటే ఇవాళ గడ్డం మీద లేచినది నిన్న రాత్రి తిన్న బిర్యానీ వల్ల కాదు. అలాగే ఇవాళ మొదలెట్టిన మందు, ఇప్పటికే లోపల తయారవుతున్నవాటిని ఆపలేదు, రాబోయేవాటిని ఆపుతుంది. అందుకే ఏ మందుకైనా ఎనిమిది నుంచి పన్నెండు వారాలు టైమివ్వాలి. నేను కౌంటర్లో చూసినవాళ్లలో ఎక్కువమందికి తగ్గకపోవడానికి మందు మంచిది కాకపోవడం కారణం కాదు. పదిహేను రోజులు వాడి, ఇన్‌స్టాగ్రామ్‌లో ఎవరో చెప్పిన ఇంకో సీరం కొని, అదీ పదిహేను రోజులు వాడి, మొహం మండిపోయి, మళ్లీ మొదటికొచ్చేవాళ్లు.

మీకు కావాల్సినవి నాలుగే: ఒక ఫేస్‌వాష్, ఒక మాయిశ్చరైజర్, ఒక సన్‌స్క్రీన్, ఒక మందు.

ఫేస్‌వాష్ పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి, బాగా చెమట పట్టి ఇంటికొస్తే ఇంకోసారి. వాసన లేనిది, ఎక్కువ మండనిది చాలు, జిడ్డు మొహం అయితే సాలిసిలిక్ యాసిడ్ ఉన్నది తీసుకోండి. సబ్బు కాకుండా ఫేస్‌వాషే వాడమని హైదరాబాద్‌లో చెప్పడానికి ఒక ప్రత్యేక కారణం ఉంది, మీరుండే గచ్చిబౌలి, కొండాపూర్ హాస్టళ్లలో చాలాచోట్ల బోరు నీళ్లు, ఎండాకాలంలో ట్యాంకర్ నీళ్లు. బకెట్ అంచున, కుళాయి మూతి దగ్గర తెల్లగా గట్టిగా పేరుకుంటుంది చూడండి, అంత ఉప్పు నీళ్లతో మామూలు స్నానం సబ్బు కలిస్తే సరిగ్గా నురగ రాదు, కడిగినా ఒక పొర మొహం మీదే ఉండిపోతుంది. పైగా సబ్బు క్షారం, దాని పీహెచ్ తొమ్మిది పది ఉంటుంది, మన చర్మానిది ఐదు చుట్టుపక్కల. కడిగాక మొహం బిర్రబిగుసుకుపోతుంటే బాగా శుభ్రమైందని మురిసిపోకండి, చర్మం దెబ్బతింటోందని అర్థం. టవల్‌తో రుద్దకుండా అద్దుకోండి.

జిడ్డు మొహానికి మాయిశ్చరైజర్ ఎందుకు అని అడుగుతారని తెలుసు. మొటిమల మందులు చాలావరకు చర్మాన్ని ఆరబెట్టేవే, అది రాసుకోకపోతే పొట్టు లేచి మండి, రెండో వారంలో మందే మానేస్తారు. జెల్‌లాగా పల్చగా ఉండేది, డబ్బా మీద నాన్‌కొమెడోజెనిక్, అంటే రంధ్రాలు మూయనిది అని రాసినది చూసుకోండి. మే నెలలో బయట నలభై డిగ్రీల ఎండ, ఆఫీసులో రోజంతా ఏసీ, రెండూ ఆరబెట్టేవే, అప్పుడు కాస్త ఎక్కువ రాయండి. వానలు పడ్డాక పల్చగా రాసినా చాలు.

సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ ముప్పై ఆపైన, చూపుడువేలు మధ్యవేలు పొడుగునా రెండు గీతలు పిండితే మొహానికీ మెడకీ సరిపోతుంది. మన రంగు చర్మాల్లో మొటిమ వారంలో పోయినా దాని నల్లమచ్చ నెలల తరబడి ఉంటుంది, ఎండ తగిలితే ఇంకా ముదురుతుంది. మచ్చలే మీ బాధ అయితే సన్‌స్క్రీన్ మానేసి ఇంకేం రాసినా డబ్బు దండగ.

ఇక మందు. ఎక్కువగా రాసేది అడాపలీన్ జెల్, 0.1 శాతం. రంధ్రాలు మూసుకోకుండా చూసేది ఇదే. రాత్రి మొహం కడిగి, పూర్తిగా ఆరనిచ్చి, బఠాణీ గింజంత వేలికొసన తీసుకుని నుదురు, రెండు బుగ్గలు, ముక్కు, గడ్డం మీద చుక్కలు పెట్టి అంతా పల్చగా పరుచుకోవాలి. మొటిమ మీద మాత్రమే పెడితే లాభం లేదు, అది పనిచేసేది ఇంకా రాని మొటిమల మీద కదా. కళ్లు, పెదవుల అంచులు, ముక్కు పక్క మడతలు వదిలేయండి. మొదట్లో రెండు మూడు రోజులకోసారి, మొహం తట్టుకుంటే మెల్లగా రోజూ. బాగా మండితే ముందు మాయిశ్చరైజర్ రాసి దాని మీద మందు, మళ్లీ పైన మాయిశ్చరైజర్. మొదటి నెలలో కాస్త ఎక్కువైనట్టు కనిపించొచ్చు, చాలామంది అక్కడే ఆపేస్తారు, మీరు ఆపకండి. గర్భం కోసం చూస్తున్నవాళ్లు, గర్భంతో ఉన్నవాళ్లు మాత్రం ఇది వాడకూడదు. అలాంటివాళ్లకి డాక్టర్లు అజెలాయిక్ యాసిడ్ లాంటిది రాస్తారు, అది మచ్చలకీ పనికొస్తుంది.

ఎర్రగా, చీముతో వచ్చేవాళ్లకి బెంజాయిల్ పెరాక్సైడ్ కలుపుతారు. 2.5 శాతం చాలు, 10 శాతం తెచ్చుకుంటే ఫలితం పెద్దగా పెరగదు, మంట పెరుగుతుంది. ఇంకోటి, అది తగిలిన చోట బట్టల రంగు పోతుంది, నీలం దిండుగలీబు మీద తెల్లటి మరకలు పడితే కంగారు పడకండి, తెల్ల టవలు, తెల్ల గలీబు వాడుకోండి. కొత్తవన్నీ ఒకేరోజు మొదలెట్టొద్దు. ఒకటి అలవాటయ్యాకే ఇంకోటి, లేకపోతే దేనివల్ల మండిందో తెలియదు.

ఇప్పుడు నాకు అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగించే సంగతి. మెడికల్ షాపుకెళ్లి "అన్నా, మొటిమలకి ఏదన్నా ట్యూబివ్వు" అని అడగొద్దు. అలా అడిగితే చాలా షాపుల్లో ఇచ్చేది స్టెరాయిడ్ కలిసిన క్రీము. నాలుగు రోజుల్లో ఎరుపు తగ్గుతుంది, మొహం తెల్లగా నున్నగా అవుతుంది, పక్క రూమ్ అమ్మాయి అడిగితే అదే ట్యూబు పేరు చెప్తారు. నిప్పు మీద దుప్పటి కప్పినట్టు, లోపల ఏమీ ఆరలేదు. కొన్ని నెలలకి చర్మం పల్చబడి సన్నటి ఎర్ర నరాలు కనపడతాయి, ఎండలోకెళ్తే భగభగ మంట, బుగ్గల మీద వెంట్రుకలు, ముందుకన్నా ఎక్కువ మొటిమలు. ఆపితే కొద్ది రోజుల్లో మొహం వాచిపోతుంది, భయపడి మళ్లీ రాస్తారు. ఆ మొహాలతో స్కార్ఫ్ కట్టుకుని మా కౌంటర్ దగ్గరికి వచ్చిన అమ్మాయిలు, అబ్బాయిలు ఇప్పటికీ నాకు గుర్తున్నారు, ఎవరూ తెలిసి చేసుకున్నది కాదు. 2018లో ప్రభుత్వం ఇలాంటి స్టెరాయిడ్ క్రీములు చాలావాటిని డాక్టర్ చీటీ ఉంటేనే అమ్మాలని రూలు తెచ్చింది, అయినా అమ్మకం ఆగలేదు. కాబట్టి మీరే చదువుకోండి. ట్యూబు వెనక చిన్న అక్షరాల్లో బెటామెథసోన్, క్లోబెటసాల్, మొమెటసోన్ అని ఏదైనా ఉంటే, మొహం మొటిమలకి అది మీ మందు కాదు. తామర క్రీముల్లో కూడా ఇవి కలుపుతారు, అదీ మొహానికి రాయొద్దు. ఇప్పటికే నెలలుగా వాడుతుంటే టక్కున మానేయకుండా, ఆ ట్యూబు చేత్తో పట్టుకుని చర్మం డాక్టర్ దగ్గరికెళ్లండి, ఎలా తగ్గించాలో చెప్తారు. పేరూ ఊరూ లేని డబ్బాల్లో పార్లర్‌లో అమ్మే తెల్లబడే క్రీములకైతే ఆమడ దూరంలో ఉండండి, పాదరసం ఉన్న అలాంటి క్రీముల వల్ల కిడ్నీలు దెబ్బతిన్న కేసులు మన దేశంలోనే ఉన్నాయి.

నిమ్మరసం, టూత్‌పేస్ట్ కూడా వద్దు, రెండూ కాలుస్తాయి. పండక్కి సున్నిపిండి ఒళ్లంతా రుద్దుకోండి, మొటిమలున్న మొహం మాత్రం వదిలేయండి. గిల్లొద్దు.

ఇంకొన్ని సంగతులు చూసుకోండి. తలకి నూనె పెట్టుకుని పడుకుంటే నుదుటి మీద వస్తుంటాయి, తలస్నానానికి గంట ముందు పెట్టుకుంటే సరి. బండి నడిపేవాళ్లకి హెల్మెట్ పట్టీ రాసుకునేచోట గడ్డం కింద వస్తే ఆ పట్టీని, లోపలి గుడ్డని ఉతకండి. జిమ్‌కెళ్లే అబ్బాయీ, నీ వే ప్రోటీన్ (పాల నుంచి తీసే ప్రోటీన్ పొడి) డబ్బా మొదలెట్టాకే ఇవి పెరిగాయేమో గుర్తు తెచ్చుకో, కొందరికి దానివల్ల పెరుగుతాయి, కొన్నాళ్లు ఆపి చూడు. బీ12 ఇంజెక్షన్ల తర్వాత వచ్చేవాళ్లూ ఉన్నారు. తీపి, కూల్‌డ్రింకులు, మైదా తగ్గిస్తే కొంత మేలే, కానీ ఇరానీ చాయ్ పూర్తిగా మానేయాలన్న టెన్షన్ వద్దు. నుదుటి మీద ఒకే సైజులో చిన్నచిన్న గింజలు దురద పెడుతుంటే అవి మొటిమలు కాకపోవచ్చు, ఫంగస్ వల్ల వచ్చేవీ అలాగే ఉంటాయి, వాటి మందు వేరు.

ఆడపిల్లలూ, దవడ చుట్టూ, గడ్డం మీద లోతుగా నొప్పితో వస్తూ, నెలసరి తప్పుతూ, గడ్డం మీద వెంట్రుకలు పెరుగుతూ ఉంటే అది పీసీఓఎస్ అనే హార్మోన్ల సమస్య అయ్యుండొచ్చు. అప్పుడు క్రీములతో సరిపోదు, పరీక్షలు చేయించుకోవాలి, మందులు లోపలికి వేసుకోవాలి. అందులో సిగ్గుపడేదేం లేదు, అమ్మకి చెప్పండి, లేదా నాకు చెప్పండి.

మూడు నెలలు ఇవన్నీ సరిగ్గా చేసినా తగ్గకపోతే, లేదా గడ్డలుగా వచ్చి గుంటలు పడుతుంటే అంతకన్నా ముందే, డాక్టర్ దగ్గరికెళ్లండి. బోర్డు మీద స్కిన్ క్లినిక్ అని ఉంటే చాలదు, పేరు పక్కన ఎండీ డీవీఎల్ లాంటి చర్మం చదువు ఉందా అని చూడండి. ప్రైవేటు ఫీజు కష్టమైతే గాంధీ, ఉస్మానియా ప్రభుత్వ ఆస్పత్రుల్లో చర్మవ్యాధుల విభాగాలు ఉన్నాయి, పొద్దున్నే వెళ్లి ఓపీ చీటీ తీసుకోండి. మొండి మొటిమలకిచ్చే ఐసోట్రెటినాయిన్ మాత్రలు రాస్తే అవి బాగా పనిచేసేవే, కానీ స్నేహితుల దగ్గర మిగిలినవి తెచ్చి మింగకండి, రక్త పరీక్షలుంటాయి, ఆ మాత్రల మీద ఉండగా గర్భం అస్సలు రాకూడదు. మొదటిసారి వెళ్లేటప్పుడు ఇప్పటిదాకా వాడిన ట్యూబులన్నీ, అయిపోయిన ఖాళీవైనా సరే, ఒక కవర్లో వేసుకుని వెళ్లండి. మీరు చెప్పే పేర్లకన్నా అవే డాక్టర్‌కి ఎక్కువ పనికొస్తాయి.

ఉంటాను.
మీ పెద్దమ్మ