విద్యార్థుల స్పోర్ట్స్ సైన్స్ ప్రాజెక్టు: గైడ్లు సరిచేయాల్సిన అపోహలు

అపోహ: అంశం ఎంత పెద్దదైతే ప్రాజెక్టుకు అంత విలువ.

వాస్తవం: "విశాఖ క్రీడాకారుల ఫిట్‌నెస్" అని రాసుకొస్తే అది ప్రశ్నే కాదు. "ఆర్కే బీచ్ పొడి ఇసుకలో ఆరు వారాలు జంపింగ్ ప్రాక్టీసు చేసిన వాలీబాల్ ఆటగాళ్ల వర్టికల్ జంప్ (నిలుచున్న చోటే పైకి ఎగిరే ఎత్తు), అదే ప్రాక్టీసు మట్టి గ్రౌండులో చేసినవాళ్ల కంటే ఎక్కువ పెరుగుతుందా?" అన్నది ప్రశ్న. ఎవరితో, ఏం చేయించి, ఏం కొలవాలో అందులోనే ఉంది. ఎవరు ఏ జట్టో చీటీలు తీసి తేల్చాలి. రెండు జట్లూ ఒకే వేళ, అన్నే జంపులు చేయాలి. ఇసుక జట్టు పొద్దున, గ్రౌండు జట్టు సాయంత్రం చేస్తే వచ్చిన తేడా ఇసుకదో, వేళదో చెప్పలేం. అలల దగ్గరి తడి ఇసుక గట్టిగా ఉంటుంది, పోటు వచ్చినప్పుడల్లా దాని హద్దు మారుతుంది. అందుకే అలలు చేరని చోట గుర్తు పెట్టుకుని రోజూ అక్కడే చేయించాలి.

అపోహ: ఖరీదైన పరికరం లేనిదే జంప్ కొలవలేం.

వాస్తవం: సెకనుకు 240 ఫ్రేములు తీసే ఫోన్ చాలు. ఫోన్ చేత్తో పట్టుకోకుండా నేలకు దగ్గరగా స్టాండు మీద పెట్టాలి. పాదాలు నేల వదిలిన ఫ్రేము నుంచి మళ్లీ తాకిన ఫ్రేము వరకు ఎన్ని సెకన్లో చూసి, ఆ సంఖ్యను దానితోనే గుణించి, మళ్లీ 9.81తో గుణించి, 8తో భాగిస్తే ఎత్తు మీటర్లలో వస్తుంది. అర సెకను గాల్లో ఉంటే ఎత్తు దాదాపు 30.7 సెంటీమీటర్లు. మామూలు 30 ఫ్రేముల వీడియోలో ఒక్క ఫ్రేము అటూఇటూ అయితే 4 సెంటీమీటర్ల తేడా వస్తుంది. ఆరు వారాల కష్టానికి వచ్చే ఫలితం అంతకంటే తక్కువే కావచ్చు! 240 ఫ్రేముల్లో అయితే ఆ తేడా అర సెంటీమీటరే.

ఎక్కువమంది పట్టించుకోనిది మోకాళ్లు. గాల్లో మోకాళ్లు మడిచి దిగితే పాదాలు ఆలస్యంగా నేలను తాకుతాయి, ఎగరని ఎత్తు కూడా లెక్కలోకి వస్తుంది. కాళ్లు చాచి మునివేళ్ల మీద దిగని జంపును కొట్టేసి, నిమిషం ఆగి మళ్లీ చేయించండి. మూడు జంపుల్లో ఉత్తమమైనది తీసుకుంటారో, సగటు తీసుకుంటారో కొలతలకు ముందే రాసి పెట్టించండి.

అపోహ: మొదటి రోజు కొలతే బేస్‌లైన్ (తర్వాతి కొలతలను పోల్చి చూసే తొలి కొలత).

వాస్తవం: కొత్తగా జంప్ టెస్టు చేసేవాళ్లు రెండోసారికి కేవలం అలవాటు వల్లే మెరుగవుతారు. ముందొక ట్రయల్ రోజు పెట్టి, ఆ అంకెలు పక్కన పెట్టాలి.

అపోహ: చేసేది స్నేహితులే, సంతకాలెందుకు?

వాస్తవం: మనుషుల మీద చేసే పరిశోధనలను పరిశీలించే కాలేజీ ఎథిక్స్ కమిటీ అనుమతి ముందు రావాలి. 18 ఏళ్ల లోపువారికి తల్లిదండ్రుల రాతపూర్వక అంగీకారంతో పాటు, ఆ పిల్లల సమ్మతి కూడా కావాలి. స్నేహితులకైనా ప్రమాదం ఉంటుంది: విశాఖ ఉక్కపోతలో చెమట త్వరగా ఆరదు, ఒంటి వేడి దిగదు. తల తిరుగుతోందన్నవాళ్లను వెంటనే ఆపి, నీడకు చేర్చి, ఒళ్లు చల్లబరచాలి.

అపోహ: తేడా రాకపోతే ప్రాజెక్టు ఫెయిల్.

వాస్తవం: తేడా లేదన్నదీ ఫలితమే. అది ఒప్పుకోలేక నచ్చని ఇద్దరి అంకెలు తీసేయడమే అసలు తప్పు. గైడు మొదటి రోజు నుంచీ వీడియోలన్నీ, కొలతలు రాసిన తొలి షీటు కాపీ ఒకటి తన దగ్గర ఉంచుకోవాలి. ఎవరినైనా తీసేస్తే తేదీ, కారణం అదే షీటులో రాయించాలి.