పెద్దతాత సంచిలో కాగితాలు

హనుమకొండ

బిడ్డలారా,

పెద్దతాతకు కిడ్నీ జబ్బు ఒక్కసారే ఎట్లా వచ్చిందని మొన్న ఫోన్లో అడిగారు. ఒక్కసారే రాలేదు. ఐదారేళ్లుగా వస్తూనే ఉంది. ఆ సంగతి ఆయన ఇంట్లోనే, మేకుకు వేలాడుతున్న బట్టలషాపు సంచిలో, కాగితాల మీద రాసి ఉంది. చదివినవాళ్లమే లేము.

నిరుడు కాళ్ల వాపుతో ఆయనను ఇక్కడికి తీసుకొస్తే, డాక్టరు మొదట అడిగింది పాత రిపోర్టులే. సంచి పరకాలలో ఉండిపోయింది. మీ బాబాయి బస్సెక్కి వెళ్లి తెచ్చాడు. డాక్టరు కాగితాలన్నీ తారీఖుల వరుసన బల్ల మీద పరిచి, ఒక్కోదాని మీద ఒకే లైనుకు పెన్నుతో సున్నా చుట్టాడు. క్రియాటినిన్. 2018లో 0.9. తర్వాత 1.1, 1.4, 1.9. ఆ రోజు 2.8.

మన కండరాల్లో పుట్టే వ్యర్థం అది. కిడ్నీలు దాన్ని వడకట్టి మూత్రంలో పంపేస్తాయి. వాటి పని మందగిస్తే రక్తంలోనే మిగిలిపోతుంది. 1.4 వచ్చినప్పుడు చూసిన డాక్టరు "కొంచెం ఎక్కువుంది" అన్నాడట, అంతే. ఆయన ముందు పాత కాగితం లేదు మరి. 0.9 నుంచి ఎక్కుతూ వచ్చిందని తెలిసి ఉంటే షుగరు, బీపీ గట్టిగా అదుపులో పెట్టేవాళ్లు. మోకాళ్ల నొప్పికని రోజూ మింగిన గోళీలు మాన్పించేవాళ్లు. ఏళ్ల తరబడి వాడితే ఆ గోళీలు కిడ్నీలను దెబ్బతీస్తాయి. తలచుకుంటే ఇప్పటికీ నాకు నిద్ర పట్టదు. నెలకోసారి ఆ ఇంటికి పోయేవాణ్ణి, ఏనాడూ ఆ సంచి విప్పి చూడలేదు.

దాచడంలో మాత్రం ఆయన లోటు చేయలేదు. పాత ఈసీజీ పాడవకూడదని లామినేషన్ చేయించాడు. ఆ కాగితం వేడి తగిలితే నల్లబడే రకం. మిషన్లోంచి నల్లటి అట్ట బయటికొచ్చింది. ఊరికే ఉంచినా కొన్నాళ్లకు గీతలు వెలిసిపోతాయి. ఈసీజీ తీసిన రోజే జిరాక్స్ చేయించి, ఫోన్లో ఫోటో కూడా తీసిపెట్టండి.

ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడు ఒక్క పేజీ డిశ్చార్జ్ కాగితం చేతిలో పెట్టారు. చేసిన వైద్యమంతా రాసిన కేస్ షీట్ అడిగితే "బయటికియ్యం" అన్నాడు కౌంటర్లో అబ్బాయి. డాక్టర్ల నడవడికపై 2002లో వచ్చిన నిబంధనల ప్రకారం రోగి గానీ, ఆయన తరఫువాళ్లు గానీ అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. తెల్లకాగితం మీద తారీఖు వేసి అర్జీ రాసి, నకలు మీద సంతకం తీసుకున్నాను. మూడో రోజు జిరాక్స్‌లు ఇచ్చారు. అడగడానికి మొహమాటపడకండి. ఆ ఒళ్లు మనది, అందులోంచి తీసిన లెక్క కూడా మనదే.

ఆభా నంబరు మాట విని ఉంటారు. 2021లో దేశమంతటా మొదలైన ఆయుష్మాన్ భారత్ డిజిటల్ మిషన్ కింద ఇచ్చే 14 అంకెల నంబరు. ఆరోగ్యశ్రీ వేరు, ఇది వేరు. దీనితో వైద్యం ఉచితం కాదు. వేర్వేరు చోట్ల చేయించుకున్న రిపోర్టులను మన ఫోన్లో ఒక్కచోట చూసుకోవడానికి ఇది. ఆ ఆసుపత్రి, ఆ ల్యాబ్ కూడా ఇందులో చేరి ఉండాలి. కొత్త డాక్టరు చూడాలంటే మనల్ని అడుగుతారు. ఏవి చూడాలో, ఎన్నాళ్లు చూడాలో మనం చెప్పొచ్చు, ఇచ్చిన అనుమతిని తర్వాత వెనక్కి తీసుకోవచ్చు.

అయితే పెద్దతాత నంబరు ఒక క్యాంపులో తీశారు. ఆయన ఫోన్ ఇంట్లో ఉందని ఓటీపీకి పక్కింటి పిల్లవాడి ఫోన్ నంబరు ఇచ్చారు. ఆయన జబ్బుల కబురుకు తాళంచెవి పరాయి చేతిలో ఉన్నట్టే కదా! ఈమధ్యే మార్పించాం.

ఇంకో మాట, కోప్పడుతున్నానని అనుకోకండి. మీ అత్త రిపోర్టు ఫోటో మీరు ఫ్యామిలీ గ్రూపులో పెట్టారు. మంచి మనసుతోనే పెట్టారని నాకు తెలుసు. సాయంత్రానికి అది ఎవరెవరి ఫోన్లకో చేరింది. పలకరింపులకు జవాబు చెప్పలేక ఆమె వారం రోజులు గడప దాటలేదు. డాక్టరుకు పంపాలంటే డాక్టరుకే పంపండి, అది కూడా ఆమెను అడిగి.

మీ నాయనమ్మ కాగితాలు బీరువా మీది అట్టపెట్టెలో ఉన్నాయి. నోటుబుక్కులో గళ్లు గీసి ఉంచాను: తారీఖు, బీపీ, మూడు నెలల సగటు షుగరు, క్రియాటినిన్. దసరా సెలవులకు వచ్చినప్పుడు మీరు తారీఖులు చదవండి, నేను ఎక్కిస్తాను. ఆమె సరేనంది. ఫోటోలు మాత్రం తన ఫోన్లోనే తీయాలట.

మీ తాతయ్య